బాగుందంటే సరిపోతుందా?

ఆదివారం పొద్దున్న. స్టవ్ మీద కుక్కరు రెండో విజిల్ వేసింది. పోపులడబ్బా పక్కన పెట్టుకున్న ఫోను టింగుమంది. ఆ వేళప్పుడు నాకొచ్చేవేమిటో నాకు తెలుసు. బ్యాంకు వాళ్ల హెచ్చరికలో, చుట్టాల శుభోదయాలో! చెయ్యి తుడుచుకుని చూద్దును కదా, ఉత్తరం. ఈమెయిల్‌లో వచ్చినా సరే, దాన్ని ఉత్తరమనే అనాలి.

తెరవగానే ఒక బొమ్మ. గంజి వార్చే సిబ్బి. ఇంకు పెన్నుతో గీసి, పైన పల్చగా నీటిరంగులు వేసిన బొమ్మ. సిబ్బి అంచు ఒకచోట సొట్టపోయి ఉంది. బొమ్మ కింద పదిహేను వాక్యాలు. గంజి వారుస్తుంటే గుడ్డ జారి వాళ్ల అమ్మమ్మ చెయ్యి కాలిన సంగతి, ఆ గంజిలో కాస్త ఉప్పూ మజ్జిగా కలిపి పిల్లలందరికీ పోసిన సంగతి, మిగిలింది నేతచీరలకు పెట్టిన సంగతి. ఆఖర్న "మళ్లీ వచ్చే నెల మొదటి ఆదివారం రాస్తాను" అని ఓ మాట. అంతే. నేను అక్కడే నిలబడి రెండుసార్లు చదివాను. ఈలోగా ఎన్ని విజిల్స్ వచ్చాయో లెక్క తప్పాను. ఆ పూట మా ఇంట్లో అన్నం మెత్తగా అయిపోయింది.

ఆ ఉత్తరం పంపింది నాతో బి.ఎస్సీ. చదివిన స్నేహితురాలు. మూడేళ్లూ ఒకే బెంచీ మాది. ఇప్పుడు కాకినాడలో ఉంటోంది. నేను రాజమండ్రిలో. ఇద్దరు పిల్లలు, అత్తగారు, మామగారు, పొద్దున్న ఐదింటికి మొదలయ్యే రోజు. మనందరిలాంటిదే. ఒక్కటే తేడా. దానికి చేతిలో పెన్సిల్ ఉంటే ఊరుకోలేదు. కూరగాయల చీటీ వెనకాల కూడా బెండకాయ బొమ్మ గీసేస్తుంది.

ఇన్నాళ్లూ ఆ బొమ్మలన్నీ వాట్సాప్ గ్రూపుల్లో పెట్టేది. అందరూ చప్పట్ల గుర్తులు పెట్టేవాళ్లు. ఓ రోజు తను వేసిన తులసికోట బొమ్మే తిరిగి తిరిగి తన ఫోనుకే వచ్చిందట. కింద మూలన పెట్టుకున్న సంతకం లేదు. ఆ చోట ఎవరిదో సూక్తి అతికించి ఉంది. పంపింది ఎవరో కాదు, వరసకి వదిన. "చూడవే, ఎంత బాగుందో!" అని! ఆ బొమ్మ నాదే వదినా అంటే, "అవునా, నాకెవరో పంపారు" అంది తప్ప ఇంకేమీ అనలేదట.

అప్పుడు పుట్టింది ఈ ఉత్తరం. ఎవరి గ్రూపులోనో పెట్టడమెందుకు, నా బొమ్మ నా పేరుతో, నా మాటతో నేనే పంపుకుంటాను అనుకుంది. మొదటి నెల ఆరుగురికి పంపింది. అందులో నేనొకదాన్ని. కవ్వం బొమ్మ వచ్చింది. తర్వాత నెల ఉట్టి, ఆ తర్వాత కుంపటి, చేట, ఆవకాయ జాడీ. మన ఇళ్లల్లోంచి చడీచప్పుడూ లేకుండా వెళ్లిపోయిన వస్తువులన్నీ నెలకొకటి చొప్పున తిరిగొచ్చాయి. ఒకరు చెప్పి ఒకరు చేరారు. ఏడాది తిరిగేసరికి నాలుగు వందల మంది దాకా అయ్యారు.

వాళ్లు దాన్ని ఆదరించిన తీరు చూస్తే నాకే అసూయ కలిగింది. ఉట్టి బొమ్మకి వచ్చిన జవాబులు చదివి వినిపించింది. "మా వైపు దీన్ని ఇలా అనం" అంటూ మూడు జిల్లాల నుంచి మూడు పేర్లొచ్చాయి. అమెరికాలో నర్సుగా పనిచేస్తున్న ఒకావిడ, రాత్రి డ్యూటీ దిగి కారులోనే కూర్చుని చదివానని రాసింది. రిటైరైన టీచరొకావిడ, చేటలో బియ్యం చెరిగేటప్పుడు వేళ్లు అలా ఉండవమ్మా అని తప్పు దిద్దింది. మర్నాడే ఇది చేట బొమ్మ మళ్లీ వేసి ఆవిడకి పంపింది. ఇన్నేళ్లుగా కథలు రాస్తున్నాను. నా కథ చదివి వేళ్ల గురించి రాసిన పాఠకురాలు నాకింకా దొరకలేదు!

నిజానికి ఇది మనవాళ్లకి కొత్తేమీ కాదు. 1928లో డాక్టర్ కె.ఎన్. కేసరిగారు మద్రాసులో 'గృహలక్ష్మి' పత్రిక మొదలుపెట్టారు. ఆడవాళ్ల మందు 'లోధ్ర' తయారుచేసిన కేసరి కుటీరం ఆయనదే. ఆ పత్రికలో కనుపర్తి వరలక్ష్మమ్మగారు 'శారద లేఖలు' రాసేవారు. శారద అనే ఆవిడ కల్పలత అనే స్నేహితురాలికి రాసే ఉత్తరాలవి. బాల్యవివాహాలను అడ్డుకునే శారదా చట్టం దగ్గర్నుంచి ఖద్దరు దాకా, ఇంటి సంగతులూ దేశం సంగతులూ ఆ ఉత్తరాల్లో దొర్లేవి. ఉపన్యాసమైతే వినమనుకునే ఆడవాళ్లు కూడా ఉత్తరం కాబట్టి చదివారు. ఎవరికో రాస్తున్నట్టుంటుంది, మనకే రాసినట్టుంటుంది. ఉత్తరానికున్న బలమే అది. 1934లో గృహలక్ష్మి స్వర్ణకంకణం మొట్టమొదట అందుకున్నది కూడా ఆవిడే.

ఇప్పుడు పత్రిక లేకుండానే ఉత్తరం వెళ్తోంది. అమెరికాలో 2017లో సబ్‌స్టాక్ అని ఒక సంస్థ ఇదే పని మీద మొదలైంది. రాసేవాళ్లు, బొమ్మలు వేసేవాళ్లు దాని ద్వారా పాఠకులకు ఉత్తరాలు పంపుకోవచ్చు. చందా పెడితే అందులో నూటికి పది ఆ సంస్థ తీసుకుంటుంది. పాఠకుల చిరునామాలు మాత్రం రాసినవాళ్లవే. రేపు ఆ సంస్థని వదిలేసినా వాటిని తమతో తీసుకెళ్లవచ్చు. గాయని, కవయిత్రి, చిత్రకారిణి అయిన పాటీ స్మిత్ 2021లో అందులో తన ఉత్తరాలు మొదలుపెట్టింది. అప్పటికి ఆవిడకి డెబ్భై నాలుగేళ్లు. కోవిడ్ రోజులు. ప్రపంచమంతా ఎరిగిన మనిషికి కూడా నేరుగా పాఠకుల గుమ్మంలోకి వెళ్లాలనిపించిందంటే, కాకినాడలో వంటింటి కిటికీ పక్కన బొమ్మలేసుకునే మనిషికి అనిపించడంలో వింతేముంది? దీనికి సబ్‌స్టాకూ లేదు, మరోటీ లేదు. మామూలు ఈమెయిల్, ఫోను కెమెరా. పొద్దున్న ఎండ కిటికీలోంచి వాలుగా పడే వేళ చూసి బొమ్మని ఫొటో తీసుకుంటుంది. అంతే దాని ఆఫీసు.

ఇంతవరకూ అంతా బాగానే ఉంది. చిక్కంతా ఏడాది నిండాక వచ్చింది.

పదమూడో ఉత్తరంలో బొమ్మ కింద ఇలా రాసింది: "వచ్చే నెల నుంచి ఇవ్వగలిగినవారు నెలకి యాభై రూపాయలు, లేదా ఏడాదికి ఐదు వందలు చందాగా పంపండి. ఇవ్వలేనివారికి కూడా ఉత్తరం ఎప్పటిలాగే వస్తుంది." అంతకంటే ఒక్క మాట ఎక్కువ లేదు.

ఆ నెల జవాబులు సగానికి పడిపోయాయి. "దీనికి కూడా డబ్బులా?" అని ఒకరు. "ఇంట్లో కూర్చుని వేసుకునే బొమ్మలే కదా" అని ఇంకొకరు. చుట్టాలావిడైతే ఫోను చేసి వాళ్ల అమ్మని అడిగిందట, "అల్లుడుగారి సంపాదన చాలడం లేదా?" అని. వాళ్లాయన మంచివాడే. ఆయన కూడా రాత్రి భోజనాల దగ్గర, "నలుగురూ ఏమనుకుంటారో, పోనీ మానెయ్యకూడదూ" అన్నాడట. ఏడాదిపాటు ఆహా ఓహో అన్న నోళ్లే ఇవి. యాభై రూపాయల మాట రాగానే ఆ ఆహా ఓహోలన్నీ ఎటుపోయాయో!

ఇక్కడ నేనొక నిజం చెప్పాలి. ఆ నోళ్లలో నాదీ ఒకటి.

నేనే ఫోను చేశాను. "ఎందుకే ఇదంతా? ఊరికే పంపరాదూ? పేరొస్తుంది కదా" అన్నాను. అది కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది. "నీ కథకి పత్రికవాళ్లు పారితోషికం పంపిస్తే పేరు చాలండీ అని తిప్పి పంపించావా?"

నా దగ్గర జవాబు లేదు. నా మొదటి పారితోషికంతో మా అమ్మకి చీర కొన్నాను. ఆ సంగతి ఇప్పటికీ పదిమందికి చెప్పుకుంటాను.

అది అక్కడితో ఊరుకోలేదు. "బి.ఎస్సీ.లో బోటనీ రికార్డులు గుర్తున్నాయా?" అంది. గుర్తు లేకేం? మందారపువ్వు నిలువుకోత, కాండం అడ్డుకోత. మాకు చేత కాకపోతే అదే వేసిపెట్టేది. ఒక్క నాకే కాదు, హాస్టల్లో సగం మందికి. రాత్రి పన్నెండు దాకా కూర్చుని వేసేది. మేం పక్కన కూర్చుని, "నీ చెయ్యి బంగారమే" అనేవాళ్లం. ఒకరిద్దరం టీ పెట్టించాం. "మీ అందరివీ వేసేసరికి నాది లేటయింది. సార్ మార్కులు తగ్గించారు. అది గుర్తుందా?" అని అడిగింది.

నాకు గుర్తు లేదు. నిజంగా గుర్తు లేదు. నా రికార్డుకి మంచి మార్కులొచ్చాయన్నది మాత్రం బాగా గుర్తుంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒక్కొక్కటే జ్ఞాపకం వచ్చాయి. నా పెళ్లికి అడ్డుతెర మీద రాధాకృష్ణుల బొమ్మ వేసింది ఎవరు? కొబ్బరిబొండాలకి పూసలూ తళుకులూ అద్దింది ఎవరు? మా ఆడపడుచుకి గోరింటాకు కోన్‌తో మోచేతుల దాకా లతలు పెట్టింది ఎవరు? అన్నిటికీ ఇదే. ఫొటోగ్రాఫరుకి డబ్బిచ్చాం. మేళంవాళ్లకి ఇచ్చాం. పందిరివాడికి ఇచ్చాం. దీనికి ఒక జాకెట్టు గుడ్డ పెట్టి బొట్టు పెట్టాం. అది కూడా అందరికీ పెట్టినట్టే పెట్టాం.

తప్పు ఒక్కరిది కాదు. మగవాడు బోర్డు రాస్తే అది పని. ఆడది బొమ్మ వేస్తే అది సరదా. ముగ్గు వేస్తే ఇంటికి అందం, పాట పాడితే పేరంటానికి అందం. ఆ అందానికి పట్టిన పొద్దు మాత్రం ఎవరూ లెక్కేయరు. లెక్కెయ్యనిది క్రమంగా గుర్తుండదు కూడా.

మా ఊళ్లోనే చూడండి. దామెర్ల రామారావుగారి పేరు చెప్తే రాజమండ్రిలో తెలియనివారుండరు. 1925లో ఇరవై ఎనిమిదేళ్లయినా నిండకుండా పోయిన గొప్ప చిత్రకారుడు. ఆయన పేరున ఆర్ట్ గ్యాలరీ ఉంది. మా పిల్లల్ని నేనే తీసుకెళ్లి చూపించాను. ఆయన భార్య సత్యవాణిగారు, సోదరి దిగుమర్తి బుచ్చికృష్ణమ్మగారు కూడా చిత్రకారిణులేనన్న సంగతి మనలో ఎందరికి తెలుసు? ఈ ఊళ్లో పుట్టి పెరిగిన నాకే పెళ్లయ్యాక చాలా ఏళ్లకి గానీ తెలియలేదు. ఒకే ఇంట్లో ముగ్గురు కుంచె పట్టుకుంటే మనం గుర్తుపెట్టుకున్నది ఒక్కరిని.

"డబ్బు మాట వస్తే కళ పలచబడిపోదా?" అని అడిగేవాళ్లుంటారు. నేనూ అలాగే అనుకున్నదాన్నే. కానీ ఆలోచించండి. దాని నీటిరంగుల కాగితం మామూలు డ్రాయింగు షీటు కాదు, దళసరిది, ఖరీదైనది. తడికి ముడత పడకూడదు. రంగులు, కుంచెలు, ఇంకు అన్నీ కొనాలి. ఇంటి ఖర్చులోంచి వాటికి తీసుకుంటే ప్రతిసారీ ఏదో తప్పు చేసినట్టుంటుందట. పిల్లాడి ట్యూషన్ ఫీజు పక్కన కుంచె ఎప్పుడూ చిన్నబోతుంది. అలా రెండు నెలలు వాయిదా పడితే ఉత్తరం ఆగిపోతుంది. డబ్బు రావడం వల్ల ఆగిపోయిన కళ కంటే, రాకపోవడం వల్ల మన ఇళ్లల్లో ఆగిపోయిన కళే ఎక్కువ. మీ పెట్టె అడుగున వీణ తీగలో, కుట్టు ఫ్రేములో, సగం రాసిన నోటుపుస్తకమో లేవూ?

"అందరూ ఇచ్చుకోలేరు కదమ్మా" అంటారు. నిజమే. అది బలవంతం చేయలేదు కూడా. ఇవ్వలేనివాళ్లు రెండు వాక్యాలు రాస్తే చాలు. చేటలో వేళ్ల గురించి రాసిన టీచరమ్మ ఇచ్చినదానికి ఖరీదు కట్టగలమా? కానీ ఇవ్వగలిగీ ఇవ్వకపోవడం వేరు. మనం జాకెట్టుకి కుట్టుకూలి ఇస్తున్నాం. బ్యూటీపార్లర్లో అడిగినంతా ఇస్తున్నాం. అక్కడ "ఇంట్లో కూర్చుని చేసేదే కదా" అనం. సాటి ఆడది మన మనసుకి పని చేసిపెడితే మాత్రం ఎందుకు బేరం?

ఇంకో సంగతి. స్నేహంతో ఇచ్చింది వేరు, అలవాటుగా తీసుకున్నది వేరు. నా పెళ్లికి అది అడ్డుతెర ప్రేమతోనే వేసింది. దానికి డబ్బిస్తే తీసుకునేది కాదు. ఈ రోజుకీ తీసుకోదు. కానీ ప్రేమతో ఇచ్చేది ఇచ్చేవాళ్లు తేల్చుకోవాలి, పుచ్చుకునేవాళ్లు కాదు.

చందా వల్ల బరువు కూడా వస్తుంది, కాదనను. తేదీ తప్పకూడదు. పోయిన వర్షాకాలం పిల్లకి జ్వరమొచ్చి ఉత్తరం ఐదు రోజులు ఆలస్యమైతే, క్షమించమని మూడుసార్లు రాసింది. డబ్బిచ్చాం కదా అని నిలదీసినవాళ్లు ఒకరో ఇద్దరో ఉన్నారట. మనం చందాదారులం, యజమానులం కాదు. అది కూడా నేర్చుకోవాలి మనం. మన ఇంట్లోనూ పిల్లలకి జ్వరాలొస్తాయి కదా!

మర్నాడు పొద్దున్న ఐదు వందలూ పంపాను. ఫోనులో నిమిషం పట్టలేదు. "ఏమిటది?" అన్నారు మావారు. "చందా" అన్నాను. "దేనికి?" అన్నారు. "పద్దెనిమిదేళ్ల బాకీ ఉంది, అందులో మొదటి వాయిదా" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. సాయంత్రం కూర్చోబెట్టి బోటనీ రికార్డు కథంతా చెప్పాను. "పాపం, ఆ అమ్మాయి ఫెయిలవలేదు కదా?" అని అడిగారు. అంత మాత్రం నేనెప్పుడూ అడగలేదు చూడండి.

మొదటి నెల చందా కట్టినవాళ్లు ముప్పై ఒక్కరు. ఇప్పుడు అరవై దాటారట. నాలుగు వందల్లో అరవై తక్కువే. కానీ కాగితాలకీ రంగులకీ ఇంట్లో అడగక్కర్లేదు అని చెప్పినప్పుడు దాని గొంతు నేను విన్నాను. వాళ్లాయన మాట కూడా మారింది. మొదటి ఆదివారం ముందు రోజు రాత్రి పిల్లల్ని తనే పడుకోబెడుతున్నాడట. నలుగురూ ఏమనుకుంటారో అన్న మనిషి, ఆఫీసులో మరో నలుగురికి ఆ ఉత్తరం గురించి చెప్పి వచ్చాడట.

మీ ఊళ్లోనూ ఇలాంటి అమ్మాయి ఒకతె ఉండే ఉంటుంది. మీ వీధిలోనే ఉండొచ్చు. మీ కోడలో, మీ తోడికోడలో కూడా కావచ్చు. బొమ్మలేస్తుంది, కథలు రాస్తుంది, పాటలు కట్టుకుంటుంది. ఆమె ఏదో ఒకటి మొదలుపెట్టినప్పుడు బాగుందని తప్పకుండా చెప్పండి. ఆ మాటకి చాలా బలముంది. కానీ అక్కడితో ఆగిపోకండి. ఆమె బొమ్మని ఇంకొకరికి పంపేటప్పుడు పేరు తీసేయకండి. ఏం నచ్చిందో, ఏం నచ్చలేదో రెండు ముక్కలు రాయండి. ఆమె చందా అడిగితే, ఇవ్వగలిగితే, ముఖం చిట్లించకుండా ఇవ్వండి. ఆమె అడగడానికి ఎన్ని రాత్రులు ఆలోచించి ఉంటుందో మనకి తెలియదు.

అన్నట్టు, ఈ నెల ఉత్తరంలో వచ్చిన బొమ్మ రుబ్బురోలు. రోలు పక్కన పొత్రం పట్టుకున్న చెయ్యి ఒకటే కనిపిస్తోంది. ఆ చేతికి గాజులున్నాయి, కాలిన మచ్చ ఒకటి ఉంది. నేను జవాబు రాశాను. అన్నం దించాకే రాశాను లెండి.